గోదావరక్క గరిక

నా నోరు మంచిది కాదని బోధన్ మొత్తానికి తెలుసు. మా గల్లీలో పిల్లలు అన్నం తినకపోతే తల్లులు "అజీజా చాచీని పిలుస్తా" అని భయపెడతారు. జాకెట్ కుట్టడం ఆలస్యమైందని అడగడానికి వచ్చిన ఆడవాళ్లు ముందు గుమ్మంలో నిలబడి నా మొహం చూస్తారు. మొహం బాగుంటే అడుగుతారు, లేకపోతే "ఊకెనే అచ్చిన" అని వెనక్కి పోతారు. అంతటి నోరు ఆ ఆదివారం నాడు పడిపోయింది. గోదావరక్క పక్కన నిలబడి, ఆమె చెయ్యి పట్టుకుని, ఒక్క మాట రాక అలా చూస్తూ ఉండిపోయాను.

గోదావరక్క ఎవరో ముందు చెప్పాలి. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక ఒకప్పుడు ఆఫీసర్ల క్లబ్బు ఉండేది. అందులో ఆమె తండ్రి బాలన్న మాలీ, తోటపని చేసేవాడు. అక్కడ ఒక పచ్చిక మైదానం, ఆ పచ్చిక మీద దొరలు ఆడుకునే ఒక ఆట. పుస్తకాల్లో దాన్ని లాన్ బౌల్స్ అంటారట. మా ఊళ్లో గుండ్లాట అంటే చాలు, చిన్నపిల్లవాడు కూడా దారి చూపిస్తాడు. ముందు ఒక తెల్లని చిన్న గుండును దూరంగా దొర్లిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ తమ నల్లగుండును దొర్లిస్తారు. తెల్లదానికి ఎవరి గుండు దగ్గరగా ఆగితే వాళ్లు గెలిచినట్టు. వినడానికి ఇంతే. కానీ ఆ నల్లగుండుకు ఒక పక్క బరువుంటుంది, నేరుగా పోదు. వేగం తగ్గుతున్నకొద్దీ ఒక పక్కకు వంగుతూ పోయి ఆగుతుంది. "గుండును ఇడిసేది మన చెయ్యే, గని ఆపేది గడ్డి" అని గోదావరక్క రోజుకు పదిసార్లు చెప్పేది. వినీ వినీ ఆ మాట మాకు ఫ్యాను చప్పుడులా అయిపోయింది.

ఫ్యాక్టరీ మూతపడింది, ఆఫీసర్లు పోయారు, క్లబ్బు తలుపులు కూడా ఎవరో ఊడబీక్కుపోయారు. గడ్డి మాత్రం బతికింది, గోదావరక్క నీళ్లు పట్టడం మానలేదు గనుక. పొద్దున బీడీలు చుట్టేది, సాయంత్రం మైదానంలో ఉండేది. మొదట కాలనీ ఆడపిల్లల్ని పిలిచింది. తర్వాత బీడీలు అప్పజెప్పి ఇళ్లకు పోతున్న ఆడవాళ్లను దారిలో ఆపి మరీ లోపలికి తీసుకొచ్చింది. ఆ తర్వాత రైతులు, రిటైరైన టీచర్లు, మా గల్లీ బుర్ఖా ఆడవాళ్లు. నేనైతే కొట్లాటకు వచ్చాను. మా ఆడబిడ్డ ఆఫియా పొయ్యి మీద కూర మాడబెట్టి ఇక్కడ గుండ్లు దొర్లిస్తోందని తెలిసి, ఈ గోదావరి ఎవరో ఆమెను కడిగేద్దామని వచ్చాను. ఆమె నేను అరిచినంతసేపూ విని, "అయిపాయెనా? ఇగ జర ఇది పట్టుకో" అని నా చేతిలో గుండు పెట్టింది. ఆ రోజు మా ఇంట్లో రెండో కూర కూడా మాడింది.

ఒక్క పని మాత్రం ఆమె ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. కోత, కలుపు తీయడం, రోలర్ లాగడం, నీళ్లు పట్టడం, గడ్డికి సంబంధించినవన్నీ తనవే. ఎవరైనా సాయానికి పోతే "మీరు ఆడుకోండ్రి, గిది నేను సూసుకుంట" అని పంపేసేది. మేమూ సంతోషంగా పోయి ఆడుకునేవాళ్లం. వానాకాలంలో తడి గడ్డిలో గుండు సగం దూరానికే ఆగిపోతే మాత్రం అందరం సణిగేవాళ్లం. రాజలింగు మరీనూ. రాజలింగుకు చందూర్ దారిలో చెరుకు, వరి ఉన్నాయి. మనసు మంచిది, చెయ్యి పెద్దది, పని మాత్రం ఆగమాగం. "ఏం గరిక అక్కా ఇది, గుండును మింగుతున్నది! నా చెల్కల ఉంటె పొద్దుమూకే వరకు పీకి పారేస్తుంటి" అనేవాడు. గోదావరక్క నవ్వి ఊరుకునేది.

ఎన్నేళ్లుగానో ఆమె అడుగుతూ వచ్చినది ఈ వానాకాలంలో దొరికింది. రాష్ట్రం పోటీలు దసరా తర్వాత బోధన్‌లోనే పెడతామని హైదరాబాద్ వాళ్లు ఒప్పుకున్నారు. అక్కడి నుంచి ఇద్దరు సార్లు నేల చూడటానికి వచ్చారు. షూలు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిని అరచేత్తో నిమిరి చూసి "ఇంత మంచి గడ్డి మేమెక్కడా చూడలేదమ్మా" అన్నారు. ఆ సాయంత్రం గోదావరక్క మా ఇంటికొచ్చి, నా కుట్టుమిషన్ పక్కన నేల మీద కూర్చుని ఏడ్చింది.

"మా బాపు ఉంటె మంచిగుంటుండె అజీజా" అంది. "మన సంజన మన నేల మీద ఆడుతది. అందరు అచ్చి సూస్తరు."

సంజన అంటే హన్మవ్వ మనవరాలు. హన్మవ్వ గోదావరక్కతో కలిసి బీడీలు చుట్టే ముసలామె. ఆ పిల్లంత బాగా గుండు వేసేవాళ్లు మాలో లేరు. కానీ పోటీలకు వేరే ఊరు పోయిన ప్రతిసారీ అక్కడి నేల అలవాటయ్యేలోపే ఓడిపోయి వచ్చేది. సొంత గడ్డి మీద ఆడితే ఆమె ముందు ఎవరూ నిలవరని గోదావరక్క నమ్మకం. నా నమ్మకమూ అదే.

అంతలో గోదావరక్క కంట్లో పొర ముదిరిందని, పోటీల లోపే తీయించుకోవాలని నిజామాబాద్ డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ తర్వాత దుమ్ములోకి పోవద్దు, వంగొద్దు, బరువు ఎత్తొద్దు, కొన్నాళ్లు అక్కడే ఉండి చూపించుకోవాలి అన్నాడు. నేను వెంటపోయాను. నిజామాబాద్‌లో మా అన్న అతీఖ్ ఇంట్లో దిగాం. పోయేముందు ఆమె రాజలింగుకు మైదానం అప్పజెప్పింది. "జర మంచిగ సూసుకో తమ్మీ" అంది. "నువ్వు ఫికర్ చెయ్యకు అక్కా, నువ్వచ్చే వరకు ఎట్ల జేస్తనో సూడు" అన్నాడు.

రోజూ పొద్దుగూకే వేళకు రాజలింగు ఫోను. "ఎప్పుడస్తున్నరు? ఆదివారమే గదా?" అని అడిగేవాడు. వెనక ఆడవాళ్ల నవ్వులు వినిపించేవి. పోటీలు ఊరికి తెచ్చినందుకు గోదావరక్కకు సన్మానం చేస్తున్నారని మాకు తెలుసు. ఆమె వద్దంది. ఎవరు వింటారు?

ఆదివారం కారు పంపారు. ఎడపల్లి దాటినప్పటి నుంచి గోదావరక్క నల్లద్దాలు కాస్త పైకెత్తి కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"అజీజా, వరి గింత పచ్చగుంటదా? ఇన్నొద్దులు నేను పొగల నుంచి సూసినట్టే ఉన్నది" అంది. కాసేపాగి, "నా గరిక ఎట్ల కనవడుతదో" అంది. చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను.

మైదానం ముందు డప్పులు. రోడ్డు పక్కన షామియానా, గోదావరక్క ఫొటోతో ఫ్లెక్సీ, బగారా అన్నం వాసన. ఆడవాళ్లంతా పెళ్లికి వచ్చినట్టు మంచి చీరలు కట్టుకుని ఎదురొచ్చారు. చేతులు మాత్రం పసరు రంగులో ఉన్నాయి, గోళ్లలో పేడ. ఏమిటీ చేతులని అడగబోయాను, అంతలోనే హన్మవ్వ గోదావరక్క చెయ్యి పట్టుకుంది.

"కండ్లు మూసుకోయే. మేం జెప్పేదాక తెరువకు" అంది.

గోడ దాటించి మైదానం అంచుకు నడిపించారు. గోదావరక్క అలవాటుగా అంచు దగ్గర చెప్పులు విడిచింది. అప్పటికి నేను చూసేశాను. చూశాను గానీ నా బుర్రకు ఎక్కలేదు. వేరే చోటుకు తీసుకొచ్చారనుకున్నాను.

"ఆ, ఇప్పుడు తెరువు!" అంది హన్మవ్వ.

గడ్డి లేదు. ఒక్క పరక కూడా లేదు. ఆ మూల నుంచి ఈ మూల దాకా నేలంతా గీకి, చదును చేసి, పేడతో అలికారు. దాని మీద ముగ్గు. ఎంత ముగ్గంటే, మధ్యలో పెద్ద రథం, చుట్టూ తామరపూలు, ఎర్ర రంగుతో గోదావరక్క పేరు. అప్పుడే ఆరిన పేడ వాసన గుప్పున కొట్టింది.

"ఎట్లున్నదక్కా?" రాజలింగు మొహం వెలిగిపోతోంది. "ట్రాక్టరుకు బ్లేడు కట్టి గరికనంత ఏర్లతోని తీసేసిన. రోలరు కొట్టిచ్చిన. కళ్లం లెక్క చేసినం! ఇగ వాన పడ్డా, ఎండ కొట్టినా, గుండు ఆగుడన్న ముచ్చటే లేదు."

"మావోళ్లందరం తెల్లారగట్ల లేసి అలికినమే" అంది హన్మవ్వ. "నడుములు పడిపోయినయి. పోనీ తియ్, రాష్ట్రమంత మన తానికి అస్తున్నరాయె. గడ్డిగాదం ఉంటె ఏమనుకుంటరు?"

గోదావరక్క రెండో చెయ్యి నా చేతిలోనే ఉంది. నల్లద్దాల వెనక కళ్లు కనిపించడం లేదు. అద్దాల కింది నుంచి నీళ్లు కారడం చూసి ఆడవాళ్లు మురిసిపోయారు. "అగో, సంతోషానికి ఏడుస్తున్నది!" అని ఎవరో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక ఆమె ఒక్క మాట అడిగింది. "గడ్డి ఏడ పారవోసినవు తమ్మీ?"

"పారవోసుడెందుకక్కా? బర్లకేసిన. మస్తు తిన్నయి."

యా అల్లా! ఆ బర్రెల పేడే మా కాళ్ల కింద ఉంది.

నేను నోరు తెరిచాను. రాజలింగును ఏడు తరాలు తిట్టాలని తెరిచాను. కానీ ఏమని తిట్టను? అతని కళ్లలో నిద్రలేదు, ట్రాక్టరు తోలి తోలి చేతులు బొబ్బలెక్కాయి. హన్మవ్వ నడుం పట్టుకుని నిలబడి ఉంది. తిట్టడానికైనా ఒక దుర్మార్గుడు కావాలి కదా, అక్కడ వెతికినా ఒక్కడు లేడు. నా జన్మలో మొదటిసారి తెరిచిన నోరు తెరిచినట్టే మూశాను. గోదావరక్క నడిచిపోయి వాళ్లు చూపించిన కుర్చీలో కూర్చుంది. శాలువా కప్పారు, కప్పించుకుంది. దండ వేశారు, వేయించుకుంది. మైకులో ఒకరి తర్వాత ఒకరు ఆమె త్యాగం గురించి మాట్లాడారు. ఆమె మైదానం వైపే చూస్తోంది.

సంజన గోడ పక్కన నిలబడి ఉంది. నిజామాబాద్ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, పొద్దున బస్సుకే వచ్చిందట. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. నన్ను చూడగానే తల తిప్పుకుంది.

"ఇప్పుడు కొత్త గ్రౌండు మీద మొదటి గుండు అక్కనే ఎయ్యాలె!" అన్నాడు రాజలింగు మైకులో. వంగొద్దని డాక్టరు చెప్పాడన్నాను. "అయితె సంజన ఎయ్యాలె!" అని ఆ పిల్లను మధ్యకు తోశారు.

తెల్లగుండును దూరంగా పెట్టారు. సంజన వంగి, ఎప్పటిలాగే మెత్తగా గుండు వదిలింది. అది గలగలమంటూ పోయింది. తెల్లదాన్ని దాటింది, రథం ముగ్గును చెరుపుకుంటూ పోయింది, మైదానం దాటి పోయి గోడకు కొట్టుకుంది. జనం ఈలలు వేశారు. "అబ్బ, ఏం పోయిందే! సూసినవా?" అని హన్మవ్వ పక్కామెను పొడిచింది. సంజన రెండోది ఇంకా మెల్లగా వేసింది. అదీ గోడకే. మూడోదాన్ని చేతిలోంచి జారవిడిచినట్టు వదిలింది. కొంత దూరం పోయి, బ్లేడు వదిలిన చిన్న వాలులో పడి, తెల్లదానికి వెన్ను చూపించి పక్కకు పరుగు తీసింది. చప్పట్లు పలచబడ్డాయి.

సంజన అలాగే ముగ్గు మీద కూలబడింది. "ఆగుతలేదు అవ్వా" అంది. "ఒక్కటి సుత ఆగుతలేదు."

"ఆగకుంటె మంచిదే గదనే?" అంది హన్మవ్వ.

"తెల్లదాని దగ్గర ఆగుడే ఆట, అవ్వా! ఇన్నేండ్లు ఆడితివి. ఆగకపోతె ఇగ ఆటేడిది?"

ఎవరో మైకు కట్టేశారు. రాజలింగు నవ్వబోయి, నవ్వు రాక, తనే ఒక గుండు తీసుకుని వేశాడు. పోయింది. ఇంకోటి వేశాడు. అదీ పోయింది. చెమటలు కారుతుంటే వరసగా వేస్తూనే ఉన్నాడు. గుండ్లన్నీ గోడ కింద చేరాయి. ఆఖరికి చేతులు పేడతో అట్లాగే ఉండగా వచ్చి గోదావరక్క కుర్చీ ముందు నిలబడ్డాడు.

"అక్కా, ఒక్క మాట చెప్పు. ఇప్పుడు మళ్ల ఏస్తె, దసరా వరకు అస్తదా గరిక?"

"పరుసుకునేటందుకే మూడు నెల్లు" అంది ఆమె. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది. "గుండు మోసేటట్టు అయ్యేటందుకు యాడాది."

దసరాకు నెల కూడా లేదు. అది అక్కడున్న అందరికీ ఒక్కసారే అర్థమైంది. ఆడవాళ్లు తమ చేతుల వైపు చూసుకున్నారు. హన్మవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వండిన బగారా అలాగే గిన్నెల్లో ఉండిపోయింది, ఒక్కరూ విస్తరి ముందు కూర్చోలేదు. గోదావరక్క శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, నా భుజం పట్టుకుని లేచింది.

ఆమె ఇంట్లో మంచం మీద కూర్చోబెట్టి కంట్లో మందు వేశాను. ఇక ఆగలేకపోయాను.

"తిట్టవేందక్కా? నీ ప్రాణం తీసిండ్రు. ఒక్క మాట తిట్టవేంది?"

"ఏమని తిట్టాలె? వాళ్లకు ఆట సూపిచ్చిన అజీజా. గడ్డి సూపియ్యలే" అంది. "ఒక్కలను సుత ముట్టనియ్యకపోతిని. నా తప్పు నా నెత్తి మీదికే అచ్చింది." ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.

తెల్లారి పోయి చూస్తే మంచం మీద లేదు. మైదానానికి పరుగెత్తాను. చిన్నగోడ మీద కూర్చుని ఉంది, నల్లద్దాలు పెట్టుకుని. లోపల అందరూ ఉన్నారు. రాజలింగు రాత్రికి రాత్రే తన పొలం ఒడ్ల మీది గరికంతా తవ్వి ట్రాలీ నిండా తెచ్చాడట. జీవితమంతా ఆ గరికను పీకి పారేసిన మనిషి, ఇప్పుడు తడిగుడ్డ కప్పి పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. అలికిన నేలను మళ్లీ దున్నారు. బోరు నీళ్లు వదిలి మడి కట్టేశారు. ఆడవాళ్లు చీరలు పైకి దోపుకుని, వరుసలు కట్టి, వెనక్కి నడుస్తూ, వరి నాటేసినట్టు గరిక నాటుతున్నారు. మోకాలి లోతు బురద. అట్లా వేస్తే కుళ్లిపోతుందని నాక్కూడా తెలుస్తోంది.

వంగినవాళ్లు వంగినట్టే ఓరగా గోదావరక్క మొహం చూస్తున్నారు. హన్మవ్వ బురద కాళ్లతో వచ్చి గోడ కింద నిలబడింది.

"ఒక్క మాట తిట్టరాదే గోదావరీ. నీ కాళ్లు మొక్కుత. రాత్రి కన్నంటుకోలే. తిట్టరాదే."

అప్పుడే గోదావరక్క ఫోను మోగింది. ఆపరేషన్ కంటితో అక్షరాలు కనిపించక నాకిచ్చింది. హైదరాబాద్ సారు. స్పీకరు పెట్టి ఆమె ముందు పట్టుకున్నాను.

"నమస్తే గోదావరమ్మా! కన్ను ఎట్లుంది? పోటీల పోస్టరు ఈరోజు ప్రింటుకు ఇస్తున్నాం. బోధన్ అని వేయించేస్తున్నా."

"ఎయ్యకుండ్రి సార్" అంది. "ఈసారి మాతోని కాదు. వేరే తాన పెట్టుకోండ్రి."

"అదేంటమ్మా? ఎన్నేళ్ల నుంచి అడిగారు మీరు! మొన్ననే కదా చూసి వచ్చాం, అంత మంచి గడ్డి. ఏమైంది?"

మైదానంలో అందరూ నడుములెత్తారు. చేతుల్లో గరిక పట్టుకుని ఎక్కడివాళ్లక్కడే నిలబడిపోయారు. కన్ను బాగాలేదని చెబుతుందనుకున్నాను. వానకు పాడైందని చెబుతుందనుకున్నాను. ఇన్నేళ్లలో మా తప్పు ఏదొచ్చినా తన మీదే వేసుకున్న మనిషి. గోదావరక్క నల్లద్దాలు తీసేసింది. దుమ్ము, తీయొద్దు అని నేనంటున్నా వినలేదు. కొత్త కంటితో ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది. హన్మవ్వను, సంజనను, మా ఆఫియాను, ఆఖరికి బురద మధ్యలో నిలబడ్డ రాజలింగును.

"సన్మానం చేసిండ్రు సార్" అంది. "మా ఊరోళ్లు. నాకు."

రాజలింగు చేతిలో గరిక జారి నీళ్లలో పడింది. అవతల సారు "హలో, గోదావరమ్మా, హలో" అంటూనే ఉన్నాడు. నేను ఫోను కట్టేశాను.